చిలకమ్మ పట్టుకున్న పగులు

గాజువాక దగ్గర ఆటోనగర్‌లో పింగాణీ ఇన్సులేటర్లు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. కరెంటు సబ్‌స్టేషన్లలో తీగలను మోసే లావుపాటి రాడ్లు అక్కడ తయారయ్యేవి. ఉక్కు ఫ్యాక్టరీకి పొలం పోయాక చిలకమ్మ అత్తవారు ఊరు వదిలి గాజువాక వచ్చారు. ఆమె భర్త నీలకంఠం ఆ ఇన్సులేటర్ల ఫ్యాక్టరీలోనే బట్టీ చూసేవాడు. మంట ఎంత పెట్టాలి, ఆర్పాక తలుపు ఎప్పుడు తీయాలి అన్నది అతని బాధ్యత. కొన్నాళ్లకు చిలకమ్మ కూడా అక్కడే చేరింది. కాల్చే ముందు రాడ్లకు గ్లేజు అనే నునుపు పూత పూసేది.

అప్పట్లో కాలిన రాడ్డును చెక్క సుత్తితో కొట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే చెడ్డది. రాడ్డు నడిమధ్య దాగిన సన్నని పగులు మాత్రం ఆ చప్పుడుకు దొరికేది కాదు. అలాంటివి కొన్ని, కొన్నవాళ్లు బరువు పెట్టి లాగినప్పుడు విరిగిపోయాయి. అందుకని 1984లో మద్రాసు నుంచి అల్ట్రాసోనిక్ మిషను తెప్పించారు. పరీక్షల ఇంజనీరు భీమశంకరరావు దాని మీద పనిచేయడానికి చిలకమ్మను తీసుకున్నాడు. ఆమె కొద్దిగా చదువుకుంది, పని మధ్యలో దిక్కులు చూడదు. అతనికి అది చాలింది.

రాడ్డు ఒంటి మీద గొడుగుల్లాంటి అంచులు ఉంటాయి. వాటి మధ్య నున్నటి చోట గ్రీజు రాసి, మిషను తీగ చివరన ఉండే ప్రోబును ఆనించాలి. చెవికి అందని శబ్దం లోపలికి వెళ్లి, అవతలి పక్కకు తగిలి వెనక్కి వస్తుంది. తెర మీద పచ్చటి గీత ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి పైకి లేస్తుంది. మధ్యలో కూడా లేచిందంటే లోపల ఏదో అడ్డం ఉన్నట్టు. అలాంటి రాడ్డు మీద చిలకమ్మ ఎర్ర సుద్దతో అడ్డగీత గీసేది. వారం మొత్తానికి అలాంటివి ఒకటో రెండో వచ్చేవి.

మరుసటి వానాకాలంలో ఒక బట్టీ సరుకు వచ్చింది. మొదటి రాడ్డులోనే గీత మధ్యలో లేచింది. రెండో దానిలోనూ అంతే. చిలకమ్మ ఆగి, మంచిదని పక్కన పెట్టుకున్న నమూనా రాడ్డు మీద ప్రోబు పెట్టి చూసింది. మిషను సరిగానే ఉంది. మధ్యాహ్నానికి సగానికి పైగా రాడ్లు ఎర్ర గీతలు పడి గోడవారన చేరాయి.

మట్టి విభాగం మేస్త్రీ పోలిరాజు వచ్చి వాటిని చూసి, నీలకంఠం వైపు తిరిగి నవ్వాడు.

“ఏటి బావా, నీ పెళ్లామే నీ బట్టీని గోడకి నిలబెట్టీసింది? తలుపు బేగీ తీసీసినావు గావాల.”

నీలకంఠం బట్టీ వైపు వెళ్లిపోయాడు. లారీ వచ్చి నిలబడిందని యజమాని తొందర పెడితే, ఆ సరుకుకి అతను నిజంగానే తలుపు గడువుకి ముందు తీశాడు. వేడి తగ్గకముందే చల్లగాలి తగిలితే పింగాణీ పగులుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

ఇంటికి వెళ్లాక అన్నం కలుపుతూ అడిగాడు.

“ఆ మిషను తప్పు సెప్తే?”

“మంచి రాడ్డు మీద పెట్టి సూసినాను మావా. తప్పు సెప్పట్నేదు.”

“నా సరుకనీ తెల్సు గదా నీకు.”

“రాడ్డు మీద పేరు రాసుండదు.”

“కొన్నిటికైనా ఆ సుద్ద తుడిసీయొచ్చు గదా?”

చిలకమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. “అది పైన ఇరిగితే కింద ఎవడుంటాడో మనకి తెల్దు. నాను తుడవను.”

నీలకంఠం కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. ఆ తరువాత ఇద్దరూ ఒకే బస్సులో పనికి వెళ్లేవారు, కానీ అతను ముందు ఎక్కి, ఆమెకు దూరంగా నిలబడేవాడు. మంచినీళ్లు కావాలంటే తల్లిని అడిగేవాడు. చిలకమ్మకు బాధగానే ఉండేది. అయినా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బట్టీ తప్పేనని యజమాని కూడా అనుకున్నాడు. నీలకంఠాన్ని ఆ పని నుంచి తీసేయాలన్న మాట వచ్చింది. భీమశంకరరావు మాత్రం కొంత ఆగమన్నాడు.

“గీత ఎక్కడ చూసినా సరిగ్గా నడిమధ్యే లేస్తోంది. కోసి చూద్దాం.”

వజ్రపు రంపం మీద నీళ్లు పోస్తూ ఒక రాడ్డును అడ్డంగా కోయించాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. కోసిన ముఖం మీద ఎర్ర సిరా పోసి గుడ్డతో తుడిచాడు. మిగతాదంతా తెల్లబడింది గానీ, మధ్యలో మాత్రం ఒక ఎర్రటి వంకర మిగిలింది, మెలి తిరిగిన దారపు పోగులా. ఇంకొకటి కోశారు. అందులోనూ అదే మెలిక.

“ఇప్పుడు కాల్చనిది ఒకటి తెండి,” అన్నాడు.

ఆరబెట్టిన పచ్చి రాడ్డు ఒకటి తెచ్చారు. అది ఇంకా బట్టీ ముఖం చూడలేదు. దాన్ని రంపంతో కోసి దీపం కింద పెడితే, మధ్యలో అదే మెలిక సన్నగా కనిపించింది. మట్టిని రాడ్డులా బయటికి తోసే యంత్రంలో మర తిరిగినట్టే మట్టి పొరలు కూడా మెలి తిరుగుతాయి. ఆ యంత్రానికి ఉన్న పంపు లోపలి గాలిని పూర్తిగా లాగేస్తేనే ఆ పొరలు కలిసిపోతాయి. పంపు దగ్గర రబ్బరు వాషరు చిరిగి ఉందని సాయంత్రానికి తేలింది. పోలిరాజు దాన్ని ఆ సరుకు చేసినప్పటి నుంచీ గుడ్డ చుట్టి నడిపిస్తున్నాడు.

నీలకంఠం మీద పడ్డ మాట పోయింది. అతను సంతోషిస్తాడని అంతా అనుకున్నారు. కానీ గేటు బయట బస్సు కోసం నిలబడినప్పుడు అతను దిగులుగా చిలకమ్మ పక్కకు వచ్చాడు.

“నాను తలుపు బేగీ తీసినమాట నిజవేనే.”

“మరప్పుడే సెప్పలేదేటి?”

“బయమేసింది. నా వల్లే పగిలినాయనుకున్నాను. అందుకే నిన్ను తుడవమన్నాను.”

చిలకమ్మ అతని వైపు తిరిగింది. “ఆ సారుకి కూడా సెప్పీ,” అంది.

మర్నాడు వెళ్లి చెప్పాడు. భీమశంకరరావు కోప్పడ్డాడు. నడిమి పగుళ్లు దీనివల్ల కాకపోయినా, తొందరగా తలుపు తీస్తే వేరే పగుళ్లు వస్తాయని, ఇంకొకసారి అలా చేస్తే తానే తీసేయిస్తానని హెచ్చరించాడు. నీలకంఠం తల ఊపి బట్టీ దగ్గరికి వెళ్లాడు. వాషరు మార్చాక వచ్చిన సరుకులో ఎర్ర గీతలు దాదాపు పడలేదు. లారీ వచ్చి హారన్ కొడుతున్నా నీలకంఠం గడువు తీరేదాకా తలుపు తీసేవాడు కాదు. యజమాని అరిచిన రోజులూ ఉన్నాయి.

చిలకమ్మ ఆ మిషను మీద ఇంకా చాలాకాలం పనిచేసింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు ప్రోబు పట్టుకోవడం నేర్పింది. తరువాత ఆ కుటుంబం కూర్మన్నపాలెంలో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఇంటికి చుట్టాలు వస్తే నీలకంఠమే ఈ కథ చెప్పేవాడు, తలుపు తీసిన సంగతితో సహా. చిలకమ్మ లోపల వంట చేసుకుంటూ, అతను ఏదైనా మరిచిపోతే అక్కడి నుంచే అందించేది.