రంగు మారని అంజూర

1999 మే పన్నెండు, బుధవారం. రాయదుర్గంలో పొద్దెక్కకముందే వడగాలి లేచింది. మబ్బు జాడే లేదు. ఆ ఉదయం ఖాతూన్‌బీ మూడు అంజూర కాయలను, ఒక కొమ్మను తడిగుడ్డలో చుట్టుకొని అనంతపురం బస్సెక్కింది. శుక్రవారం నాటికి అవేమిటో తేలకపోతే పెరట్లోని చెట్టు పోయి, కుట్టుమిషన్ల షెడ్డు లేస్తుంది.

బజారులో అమ్మే అంజూర మాగితే ఊదారంగుకు తిరుగుతుంది. ఇది మూడేళ్లుగా పచ్చికాయలే కాచి పిట్టల పాలవుతోంది. పువ్వు బయటపడకుండానే కాయ కనిపించే ఈ జాతి గుట్టు చెప్పాలంటే ఒక పూట పాఠమవుతుంది. అది ఇప్పుడు వద్దు. ఆమె భర్త ఇమాంసాబ్ జీన్స్ ప్యాంట్లు కుట్టేవాడు. అతని ఓర్పంతా కుట్లు విప్పి మళ్లీ వేయడానికే సరిపోయేది.

“పిట్టల్ని మేపేదానికా నీళ్లు పోస్తాండావు?” అన్నాడు, షెడ్డు పనివాళ్లను శుక్రవారం రమ్మని చెప్పొచ్చి.

“అన్నీ తింటాండ్లేదు, ఏరుకొని తింటాండాయి. శుక్రవారం దాకా ఆగండి.”

ఆమె ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం, కొత్తగా కనిపించిన పిందెల తొడిమలకు ఆ వారం మిషను మీదున్న రంగు దారం కడుతూ వచ్చింది. పిట్టలు పొడిచినవన్నీ మొదటి వారపు పసుపు దారంవే. మిగిలిన పసుపు దారం కాయల్లో మూడింటికి జీన్స్ గుడ్డ సంచులు తొడిగి కాపాడింది. అవి మాగిన కాయల్లాగే మెడలు వాల్చాయి; రంగు మాత్రం మారలేదు.

అనంతపురం కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే నారాయణప్ప ఆకును నాలుగు పుస్తకాలతో పోల్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఈ రకం పేరు యాడా దొరకలేదమ్మా.”

“పేరు ఉండనీ సార్. మాగిందా లేదా చెప్పండి.”

ఆయన ఒకటి కోశాడు. లోపల ఎర్రగా, తేనెలా ఉంది. సగం తిని, రెండో సగానికి చెయ్యి చాపాడు.

“మాగిందమ్మా. దీని రంగే ఇది.”

పరీక్ష పేరిట రెండోదీ ఆయనకే చెల్లింది. మూడోదాన్ని ఆమె ఒడిలో దాచుకొని తెచ్చి భర్తకిచ్చింది. ఇమాంసాబ్ తొడిమ దాకా తిన్నాడు. శుక్రవారం వచ్చిన పనివాళ్లను వాకిట్లోంచే పంపేసి, గుడ్డముక్కలు ముందేసుకొని కాయలకు సంచులు కుట్టడానికి కూర్చున్నాడు.

2006లో నారాయణప్పకు ఒక ఉత్తరం వచ్చింది.

“సార్‌కు ఖాతూన్‌బీ సలాములు. కరువులో మా చెట్టు ఎండిపోయింది. ఆ పొద్దు మా ఇంటాయన అన్నం ముట్టలేదు. అంతకు ముందే పక్కింటి సిద్దమ్మకు ఒక కొమ్మ ఇచ్చినాను, అది బతికింది. ఆయనే పోయి దాన్నుంచి ఒక కొమ్మ అడుక్కొచ్చి నాటినాడు. షెడ్డు కట్టేటప్పుడు అది కిటికీకి అడ్డమొచ్చింది. కిటికీని పక్కకు జరిపినాడు. పేరు దొరికితే రాయండి. దొరక్కపోయినా మే నెలలో రండి.”