టీచరుగారు చెప్పని మందు

మొన్న నందిగామ బస్సులో పక్క సీటు పెద్దాయన మోకాళ్ళకు నొప్పుల మందు రాసుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రాజ్యలక్ష్మి టీచరుగారు గుర్తొచ్చారు. జగ్గయ్యపేటలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడే మా హెడ్మిస్ట్రెస్. ఒక పిల్లకు లెక్కలు రావడం లేదని నేను విసుక్కుంటే, "లెక్క ఒక్కటే చూస్తే ఎట్లా? పొద్దున ఏం తిని వచ్చిందో, సరిగా నిద్రపోయిందో లేదో కూడా అడుగమ్మా" అన్నారు. అడిగాను. నేను నిజంగా టీచరునయింది ఆ రోజే అనుకుంటాను.

రిటైరయ్యాక ఆవిడ మా పక్క వీధిలోనే ఉండేవారు. డెబ్బై దాటేసరికి సుగరు, బీపీ, బలహీనపడిన గుండె, అప్పుడే మొదలైన కిడ్నీ జబ్బు, మోకాళ్ళ నొప్పులు అన్నీ చేరాయి. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు. ఎవరి మందులు వాళ్ళు రాసేవారు. అయినా మేడ మీద గదిలో పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు.

ఎండలు ముదురుతున్న ఒక మధ్యాహ్నం ఫోను చేసి ఆయాసంగా ఉంది, రమ్మన్నారు. వెళ్ళేసరికి మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. పాదాలు ఉబ్బిపోయాయి. అన్నం కూడా తినలేదట. కారు మాట్లాడి నందిగామ బయలుదేరాం. వెనక సీటులో పడుకోబెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పడుకుంటే ఊపిరాడదు. కూర్చోనీ."

చిల్లకల్లు దాటాక మాట తడబడింది. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. అది గుండె వల్లో సుగరు వల్లో నాకు తెలియలేదు. ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో చూస్తే రెండూనూ. సుగరు బాగా పడిపోయింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గ్లూకోజు ఎక్కించి ఆక్సిజన్ పెట్టారు. తెలివి కుదుటపడ్డా ఆయాసం తగ్గలేదు. నీరు తీసే ఇంజెక్షను పెంచుదామని గుండె డాక్టరు, కిడ్నీలు తట్టుకోవని ఇంకో డాక్టరు. వాళ్ళు తేల్చుకోలేకపోతుంటే టీచరుగారు మాస్కు కాస్త పక్కకు జరిపారు.

"మోకాళ్ళకి మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకుంటున్నానండి. మేడ మెట్లెక్కాలి కదా. ఎవరికీ చెప్పలా."

ఇద్దరూ ఆ బిళ్ళల పేరేమిటని అడిగారు. ఆ బిళ్ళలు ఒంట్లో నీరు నిలిపి, కిడ్నీలను దెబ్బతీశాయని, కిడ్నీలు మందగించడంతో సుగరు మందు ఒంట్లోనే పేరుకుపోయిందని తరవాత నాకు చెప్పారు.

"ఇద్దరూ ఒకచోట కూర్చుని చూడండి బాబూ" అన్నారావిడ. "జబ్బులు ఎన్నున్నా మనిషిని ఒక్కదాన్నే."

కూర్చున్నారు. కొన్ని మందులు తీసేశారు, కొన్ని తగ్గించారు. సాయంత్రానికి ఆవిడ వెనక్కి వాలి ఊపిరి పీల్చుకోగలిగారు. ఇంటికొచ్చాక పాఠాలు కింది వరండాలోకి మారాయి. మోకాళ్ళ నొప్పి మాత్రం చివరిదాకా పోలేదు. ఇంకొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఒక వానాకాలంలో కన్నుమూశారు.

ఇప్పుడు నాకూ సుగరు, బీపీ వచ్చాయి. ఈ మధ్య భుజం నొప్పికి వెళితే డాక్టరుగారు చూసీ చూడగానే చీటీ రాయబోయారు. ఆపమని, ఉన్న జబ్బులన్నీ, వేసుకునే మందులన్నీ, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పనిదీ చెప్పాను. వెనక తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆయన పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు.