కడిగిన డాబా

ఆదివారం పొద్దున పెనుగంచిప్రోలు ఆటో ఎక్కిన ఆసిఫా సంచిలో ఒక అయస్కాంతం, పెయింటు బ్రష్షు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి.

నందిగామ కాలేజీలో ఆమె ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. జగ్గయ్యపేటలో మేడ మీద గది. అమ్మ పోయాక ఆ గదిలో రెండో గొంతు వినపడలేదు.

జపాన్ అంతరిక్ష నౌక ఒక గ్రహశకలం నుంచి దుమ్ము తెచ్చిందనీ, భూమ్మీద దొరికే ఉల్కల్లో ఎక్కువ భాగం అలాంటి శకలాల ముక్కలేనని ఆ దుమ్ము తేల్చిందనీ చదివినప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. ఇనుము కలిసిన అంతరిక్ష ధూళి మన డాబాల మీదా పడుతూనే ఉంటుంది. అయితే జగ్గయ్యపేటలో ఆమె అయస్కాంతంతో ఏరిన ఇసుకరేణువంత నల్లటి గుండ్లను హైదరాబాదు పరిశోధకుడొకాయన చూసి, అవన్నీ సిమెంటు బట్టీల బూడిద, వెల్డింగు రవ్వలు అని తేల్చాడు. "ఫ్యాక్టరీలకు దూరంగా, ఏడాదిగా చీపురు తగలని డాబా మట్టి పంపండి. చూస్తాను" అన్నాడు నిరుడు. మైక్రోస్కోపు ఈ నెలాఖరు దాకే తన చేతిలో ఉంటుందని మొన్న కబురు పెట్టాడు.

"ఏం మేడమ్, చుక్కలేమన్నా రాలాయా?" అని లెక్చరర్ కిషోర్‌బాబు అడిగినప్పుడల్లా స్టాఫ్‌రూమంతా నవ్వుతుంది. అందుకే పెనుగంచిప్రోలులో విద్యార్థిని ఆమని వాళ్ల డాబాను నిరుడు అడిగినప్పుడు, సంగతి చెప్పకుండా "ఏడాది దాకా ఎవరూ ఎక్కకండి, నేనొచ్చి చూసుకుంటా" అని ఊరుకుంది. వాళ్లు మెట్ల తలుపుకు తాళం వేశారు. మిరపకాయలు కూడా కళ్లంలోనే ఎండబెట్టుకున్నారు.

ఆమని తండ్రి బ్రహ్మయ్య ఎదురొచ్చి పైకి తీసుకెళ్లాడు. గచ్చు ఇంకా తడిగా ఉంది. తూము దగ్గర మూల కూడా తెల్లగా మెరుస్తోంది. మధ్యలో ముగ్గు.

"కడిగారా?"

"మరి! ఏడాది మట్టండీ" అంది ఆయన భార్య సుబ్బమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "మేడంగారు చూసేది అట్టా ఉంటే మా పరువేం గాను? పొద్దున్నే మోటారేసి పైపుతో కొట్టించా."

"ఆ మట్టి కోసమేనమ్మా నేనొచ్చింది."

సుబ్బమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓ మాట అడిగి కడగొచ్చుగా?" అన్నాడు బ్రహ్మయ్య.

"పైపు పట్టుకుంది నువ్వే కదయ్యా!"

"నీళ్లెటు పోయాయండీ?" అని అడిగింది ఆసిఫా.

"సైడుకాలవలోకండి. అక్కణ్ణుంచి మునేరు ఏట్లోకి."

టీ తాగితేగాని వాళ్లు కదలనివ్వలేదు. "ఏమనుకోబాకండి, ముందే చెప్తే దాచిపెట్టేవాళ్లం" అంది సుబ్బమ్మ వాకిట్లో. ఆసిఫా తలూపింది.

వీధి చివర ఇంకో డాబా ఇల్లు కనిపిస్తే గేటు దగ్గర ఆగింది. "ఏవండీ, మీ డాబా ఊడ్చి ఎన్నాళ్లయింది?"

"ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" లోపలి నుంచి ఆడగొంతు గయ్యిమంది. "రోజూ ఊడుస్తాం!"

ఆసిఫా పక్క వీధిలోకి నడిచింది.