జిన్నింగ్ మిల్లు కాంటా

ఈ రోజు సాయంత్రం సిద్దిపేటలో మా వాడ చివర, ఎప్పుడో మూతపడిన జిన్నింగ్ మిల్లులో మిగిలిన ఇనుప సామాను తీసుకుపోయారు. పత్తి బస్తాలు తూచిన పెద్ద కాంటాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆగి చూశాను.

నా భార్య సుజాత పుట్టింది ఆ మిల్లు వెనకే. పోయిన ఏడాది జబ్బుతో చిక్కిపోతున్నప్పుడు దవాఖానలో బరువు తూచే మిషన్‌ను నమ్మలేదు. "చిన్నప్పటి సంది మిల్లు కాంటా మీదనే జోకించుకున్న. గాడికే పోదాం" అని పట్టుబట్టింది. అక్కడ దవాఖాన లెక్క కన్నా బరువు నాలుగు కిలోలు ఎక్కువ వచ్చింది. ఆ రోజు ఆమె కడుపునిండా తిన్నది.

ఒకప్పుడు అక్కడ పత్తి తూచి, మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్‌గా మిగిలిన రాజయ్య ఇవాళ నా పక్కనే నిలబడ్డాడు.

"రాజయ్యా, ఈ కాంటా సరిగ్గానే చూపించేదా?" అని అడిగాను.

"కాంటది తప్పేం లేదు సారు. తప్పంత నా కాలుది. రైతుల పత్తి జోకేటప్పుడు సేటు సైగ జేస్తే తూకం తగ్గేటట్టు బస్తాను మోకాలితోటి జరంత లేపేటోణ్ణి. సుజాతక్క ఎక్కిననాడు ఎనక నిలబడి కాంటాను కాలుతోటి అదిమిన."

"ఎందుకు?"

"అక్క మొకం సూసినంక ఇంకేం జెయ్యాలె సారు?"

ఆటో వెళ్లిపోయింది. ఆ నాలుగు కిలోలను సుజాత పోయేదాకా తనతో పాటు నేనూ నమ్మాను. రాజయ్యను తిట్టాలో, దండం పెట్టాలో తెలియక ఇంటికి వచ్చేశాను.

మీరైతే ఏం చేసేవారు?