గేదె దొరకదు మేడం

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నన్ను ఎరిగిన వాళ్లెవరూ నమ్మరు. మొహాన కొట్టినట్టు మాట్లాడుతుంది, కడుపులో ఏదీ దాచుకోదు అని నాకు పేరు. దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

నేను తెలుగు టీచర్ని. అప్పట్లో చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె హైస్కూల్లో చేసేదాన్ని. పిల్లల పుస్తకాలంటే నాకు పిచ్చి. బొమ్మల కథల దగ్గర్నుంచి పదిహేనేళ్ల వాళ్లు చదివే నవలల దాకా దొరికిందల్లా చదివి, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పుస్తకం పేరు, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు, ఏ వయసు వాళ్లకి బాగుంటుంది, నాకేమనిపించింది. ఈ పని నేను బాగా చేస్తాను, అందులో మొహమాటం లేదు. బడిలో గ్రంథాలయం లేదని నా పుస్తకాలే రెండు బీరువాల్లో పెట్టాను. పక్కన బల్ల మీద ఆ నోట్‌బుక్ ఉండేది. పిల్లలు అందులో నా మాట చూసి పుస్తకం ఎంచుకునేవాళ్లు.

ఒక ఏడాది, డిసెంబరు దాటేలోగా నూరు పుస్తకాలు చదువుతానని ప్రేయర్లో అందరి ముందూ చెప్పాను. నన్నెవరడిగారు? ఎవరూ అడగలేదు. ఎనభై తొమ్మిది దగ్గర ఆగిపోయాను. మిగతా పదకొండింటికీ వెనక అట్ట మీది నాలుగు లైన్లు చూసి అభిప్రాయాలు రాసేశాను. తేదీలు కూడా వేశాను. తేదీలు వేసేటప్పుడు కాస్తయినా తటపటాయించలేదు, అది గుర్తుంది.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు మార్చి మణి అంటాను. వాళ్లమ్మ కూలికి వెళ్లి, మిరపకాయలు ఆరబోసే కల్లాల్లో తొడిమలు తీసేది. పొద్దున్నే మణి కూడా కాసేపు తీసి, ఆ తర్వాత బడికొచ్చేది. వారానికి రెండు పుస్తకాలు పట్టుకెళ్లేది. తిరిగిచ్చే రోజు నోట్‌బుక్ తెరిచి నా అభిప్రాయం మళ్లీ చదివేది.

ఆ పదకొండింటిలో ఒకటి తప్పిపోయిన గేదెని వెతుక్కుంటూ వెళ్లే ఒక అమ్మాయి కథ. నేనేం రాశానంటే, 'చివరికి గేదె దొరికినప్పుడు కలిగే ఆనందం పిల్లల్ని ఆకట్టుకుంటుంది.' ఫిబ్రవరిలో ఒక రోజు చూద్దును కదా, దాని కింద పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలు.

'గేదె దొరకదు మేడం. నూట పదో పేజీలో చచ్చిపోతుంది. చదవండి, చాలా బాగుంది.'

ఆ రాత ఎవరిదో నాకు తెలుసు, రోజూ దిద్దే రాతే. అందులో వెటకారం ఏమన్నా ఉందా అని పదిసార్లు చూశాను. లేదు. మేడం ఒక మంచి పుస్తకం చదవకుండా పోతోందే అని ఆ పిల్ల బాధపడింది, అంతే. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మిగతా పదీ కూడా దీనికి తెలిసిపోయాయా? ఎవరితో అంది? స్టాఫ్‌రూమ్‌లో ఎవరన్నా చూశారా? కాగితం చిరిగేంత గట్టిగా రబ్బరుతో చెరిపేశాను.

ఆ శనివారం మణి పుస్తకం కోసం వచ్చింది. వెనక ఇంకో ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"చేతులు చూపించు," అన్నాను.

చూపించింది. గోళ్ల చుట్టూ ఎర్రగా ఉంది.

"మిరపకాయలు ముట్టుకున్న చేతులతోనే నా పుస్తకాలు పట్టుకుంటున్నావా? ఘాటంతా అట్టలకి అంటుకుంటోంది. చిన్నపిల్లలు అవి పట్టుకున్న చేతుల్తోనే కళ్లు నలుపుకుంటారు. కళ్లు పోతే నువ్విస్తావా?"

"కడుక్కునే వచ్చానండి. సబ్బెట్టి రెండుసార్లు కడిగా."

"కడిగితే పోయే ఘాటా అది?"

"మళ్లీ కడుక్కొత్తానండి, మేడం. ఒక్క నిమిషం." బోరింగు దగ్గరికి పరిగెత్తింది. నీళ్లు కారుతున్న చేతులు ముందుకి చాపి వచ్చింది. "చూడండి, వాసన రావట్లేదు."

"తడి చేతులతో పుస్తకం ముట్టుకుంటావా? వెళ్లమ్మా, వెళ్లు. మిరప పనులయ్యాక చూద్దాం."

వెనక నుంచి ఎవడో "ఒసేయ్ ఘాటమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆపలేదు. ఆ ఏడాదంతా ఆ పిల్లకి అదే పేరు.

పై శనివారం చేతులకి కొబ్బరినూనె రాసుకుని వచ్చింది, ఘాటుకి నూనె మందని ఎవరో చెప్పారట. నూనె మరకలు పడతాయన్నాను. ఆ తర్వాత రాలేదు.

నేనిది ముందే ఆలోచించి పెట్టుకున్నానా? లేదు. ఆ క్షణంలో నోటికొచ్చింది. కానీ ఎంత ఒద్దికగా వచ్చిందో చూడండి, ఎవరూ వేలెత్తి చూపలేని మాట. మంచి జాగ్రత్త తీసుకున్నారండీ అని మా హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు వరసలో ఉన్న ఇరవై మందిలో సగం మంది కల్లాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లందరికీ పుస్తకాలిచ్చాను. వాళ్ల చేతులు చూడలేదు.

నేను పుస్తకాలు ఆపినందుకే మణి తొమ్మిదితో చదువు మానేసిందని అనను, అంత గొప్ప నాకు నేను అంటగట్టుకోను. వాళ్లింట్లో దానికి వేరే కారణాలున్నాయి. కానీ మానేసే ముందు ఇంకో ఏడాది ఆ పిల్ల చదువుకోగలిగిన పుస్తకాలున్నాయి. వాటిని నేను తీసేసుకున్నాను. గేదె పుస్తకం ఆ వేసవిలో చదివాను. నూట పదో పేజీలోనే చచ్చిపోయింది. చాలా బాగుంది. నోట్‌బుక్‌లో నా అభిప్రాయాన్ని మాత్రం మార్చలేదు. మారిస్తే ఎందుకు మార్చానో ఎవరన్నా అడుగుతారని.

ఇప్పుడు పేటలో మా ఇంట్లోనే ఆదివారాలు పిల్లలకి కథలు చదివి వినిపిస్తున్నాను. పుస్తకాల మేడం అంటారు నన్ను. పోయిన నెల ఒకామె ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే గుర్తుపట్టాను. మణి.

"బాగున్నారా మేడం గారూ? దీనికి కథలంటే ప్రాణమండి," అంది. ఆ పిల్ల అప్పటికే ఒక బొమ్మల పుస్తకం మీదికి చెయ్యి చాపింది. మణి గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఆగవే! కడుక్కో ముందు. మేడం గారి పుస్తకాలవి." నా వైపు తిరిగి, నేనేమీ అడక్కుండానే, "ఇప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లులో చేత్తన్నానండి. మిరపకాయలు ముట్టుకుని నాలుగేళ్లయింది," అంది.

నవ్వుతూనే అంది. గంటసేపు ఉంది. ఆ గంటా తన చేతులు రెండూ కొంగులో చుట్టుకునే కూర్చుంది. ఒక్క పుస్తకం ముట్టుకోలేదు.

అప్పుడు చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. పాఠం చెప్పడానికి నూరుమంది ముందు నిలబడేదాన్ని, ఒక్క మనిషి ముందు చెప్పలేకపోయాను. ఆమెకి పుస్తకం అందించాను, తీసుకోలేదు. కూతురికి ఇమ్మని కళ్లతో సైగ చేసింది. ఇచ్చి ఊరుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఈ మాటలు బయటికొచ్చాయి, గుండె మీది రాయి కాస్త జరిగింది. అది చాలు అనుకోవట్లేదు గానీ, జరిగిన మాట నిజం. ఇంకొక్కటే మిగిలింది, అదీ చెప్పేస్తాను. మణి తిరిగిచ్చిన పుస్తకాల్లో ఒక్కదాన్ని కూడా నేను ఏ రోజూ వాసన చూడలేదు. వాటికి ఘాటు అంటిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.