నడిమి గోడకు నాలుగు బోల్టులు

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం అది. వాటి మీద నిజంగా రైలు నడుస్తుందని ఎవరూ గట్టిగా నమ్మేవారు కాదు. సాయంత్రం ఎండ వాటి మీద పడి నారింజ రంగుకి తిరుగుతుంటే, ఎవరో పెద్ద పందిరి వెయ్యబోయి గుంజలు పాతి మరిచిపోయినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ నాకు ఆ దుమ్ములోంచి, ఆ వెలుతురులోంచే కనిపిస్తాయి. నాకప్పుడు కొత్త ఉద్యోగం. ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాషింగ్ మెషీన్లు పాడైన వాళ్ళు తిట్టే తిట్లన్నీ వినడం, విన్న ప్రతి తిట్టుకీ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అని పంచదార గొంతుతో చెప్పడం నా పని. (ఆ మెషీన్లు నేను చేసినవీ కావు, అమ్మినవీ కావు. మా ఇంట్లో బట్టలు బకెట్లో నానబెట్టి నేనే ఉతికేదాన్ని.)

పగలంతా మింగిన మాటలన్నీ సాయంత్రానికి ఇల్లు చేరేవి. ఇల్లంటే దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో అక్కా బావల అద్దె ఇల్లు. అక్క స్కూల్లో టీచరు, బావ ఓ కాలేజీలో అకౌంట్లు చూసేవాడు. ముగ్గురం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళమే. నేను రాగానే బీరువా తలుపులు దఢేలుమనేవి, గిన్నెలు మోగేవి. ఒకరోజు భోజనాల దగ్గర బావ పాపం, చాలా నెమ్మదిగానే, "కూరలో ఉప్పు తగ్గినట్టుంది" అన్నాడు. నేను గరిటె కింద పడేసి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అని బావురుమన్నాను. బావ ఉప్పు అడగకుండా తినేసి లేచిపోయాడు. అక్క నా తల నిమురుతూ, "ఇలాగైతే నువ్వు ఆఫీసన్నా వదిలెయ్యాలి, మమ్మల్నన్నా వదిలెయ్యాలే" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉద్యోగం పోతే మళ్ళీ ఊరికి బస్సెక్కాలి. అక్కడ నాకోసం సంబంధాలు సిద్ధంగా ఉన్నాయి.

బావకి ఇంజనీరింగ్ సీటు రాలేదు గానీ, ఆ రాకపోవడాన్ని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ ఆదివారం నాగోల్‌లో ఎక్కడో మూసేస్తున్న జిమ్‌కి వెళ్ళి, బాక్సింగ్ చేసేవాళ్ళు గుద్దే నల్లటి బరువు సంచీ ఒకటి, దాన్ని గోడకి వేలాడదీసే ఇనుప చెయ్యి ఒకటి పట్టుకొచ్చాడు. ఆటోలో వెనక సీటంతా సంచీ పడుకుంది, బావ డ్రైవరు పక్కన అంచు మీద కూర్చున్నాడు. ఇద్దరు మగాళ్ళు కలిసి దాన్ని లోపలికి మోస్తుంటే అక్క నోటి మీద చెయ్యి వేసుకుని, "ఎవరినండీ అలా తీసుకొస్తున్నారు?" అంది. "దీన్ని గోడకి తగిలిస్తాం. నీ చెల్లెలు దీన్ని తిడుతుంది, కొడుతుంది. మనం ప్రశాంతంగా అన్నం తింటాం" అన్నాడు బావ.

అంతా బాగానే ఉంది గానీ, గోడ మాది కాదు. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి, ఒకదాంట్లో ఓనర్లుండేవారు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల పల్లెలో బావి కింది పొలం అమ్మి కట్టుకున్న ఇల్లది. ఓనరు పెద్దాయన మాకు ఇల్లిచ్చేటప్పుడు ఒక్కటే షరతు పెట్టాడు. "గోడకు మేకు కొట్టొద్దు. గంతే." మా క్యాలెండరు కూడా కిటికీ గూట్లో జారగిలబడి ఉండేది. అటువంటి ఇంట్లో రెండు బియ్యం బస్తాలంత బరువున్న ఆ సంచీ పది రోజులు హాల్లో మూలన నిలబడింది, ఎవరూ కూర్చోమనని చుట్టంలాగా.

పదకొండో రోజో ఎన్నో రోజో పెద్దాయన ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. బావ కళ్ళలో వెలుగు చూసి అక్క ముందే చీపురు తెచ్చుకుంది. బావ ఎవరిదగ్గరో డ్రిల్లింగ్ మెషీను అడిగి తెచ్చాడు. హాలుకీ పడగ్గదికీ మధ్యనున్న అడ్డుగోడని పుచ్చకాయని తట్టినట్టు తట్టి, చెవి పెట్టి విని, "గట్టిదే" అన్నాడు. రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ గొట్టాలు దూర్చి, మరలు బిగించి, సంచీ తగిలించాడు. నేను చేతులకి రుమాళ్ళు చుట్టుకున్నాను. ఆ ఉదయం ఫోన్లో "నువ్వు మనిషివా, రికార్డింగా" అన్న ఒకాయన్ని మనసులో నిలబెట్టుకుని ఒక్క గుద్దు గుద్దాను. సంచీ ఎంత అందంగా ఊగిందని. గాల్లో అలా వెళ్ళి, ఒక్క క్షణం ఆలోచించుకుని, తిరిగొచ్చేటప్పుడు ఇనుప చేతినీ, మరల్నీ, పెద్ద ప్లాస్టరు పెచ్చునీ, వెనకాల ఇటుక ముక్కనీ వెంటబెట్టుకుని నేల మీదకి దిగింది. ఇల్లంతా తెల్లటి మంచు పట్టినట్టయింది. ఆ మంచులో బావ కనుబొమలు నెరిసిన ముసలాయనలా నిలబడ్డాడు. అప్పుడే తలుపు చప్పుడైంది.

ఓనరు గారి భార్య. మేం పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. గొంతు పెంచి మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. లోపలికొచ్చి, గోడలో గుంటనీ, నేల మీద సంచీనీ చూసి, కుర్చీలో కూర్చుంది.

"ఏంది బిడ్డా ఇది?"

నేను చెప్పాను. ఆఫీసు, తిట్లు, ఉప్పు, అన్నీ. ఆవిడ అంతా విని, కాలి బొటనవేలితో ఆ సంచీని నొక్కి చూసింది.

"దీన్ని గుద్దితె కోపం వోతదా?"

"పోతుందండీ, గ్యారంటీ" అన్నాడు బావ, తానే తయారుచేసినట్టు.

"ఎంత పాతదైనా?"

బావ వంగి, నేల మీద మరలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ లేచి, చీర కుచ్చిళ్ళకంటిన దుమ్ము దులుపుకుంది. "ఇది ఉత్త అడ్డం గోడ, దీనికి ఆగదు. మన రెండు ఇండ్ల నడిమి గోడ జూడున్రి, పెద్దది. కట్టినప్పుడు దినాం దానికి నీళ్ళు గొట్టింది నేనే."

"ఓనరు గారు ఏమంటారో" అంది అక్క.

"ఏమన్న అననీ. నేన్ జెప్త."

ఈసారి బావ తొందరపడలేదు. అడ్డుగోడ గుంట సిమెంటుతో పూడ్చాడు. కాగితం మీద బొమ్మ గీసుకుని, వెల్డింగ్ షాపు దగ్గర నిలబడి, పొడుగాటి బోల్టులూ ఒక ఇనుప పలకా చేయించుకొచ్చాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు సందులు వదిలేసి, ఇటుక నడిబొడ్డుకే గురిచూసి, ఇటు నుంచి అటు దాకా రంధ్రాలు చేశాడు. మావైపు ఇనుప చెయ్యి, వాళ్ళవైపు పలక, రెంటినీ కలిపి పట్టుకునే బోల్టులు. "బరువు ప్లాస్టరు మీద కాదు, మొత్తం గోడ మీద పడాలి" అని నాకు పాఠం చెప్పాడు. మొదటి రంధ్రం అటు తేలగానే, వాళ్ళ పడమటి కిటికీ ఎండ పెన్సిలంత సన్నగా మా హాల్లోకి వచ్చి పడింది. అందులో ఇటుక పొడి ఎర్రగా, మెల్లగా తిరుగుతోంది. అందరం పని మానేసి చూశాం. ఉన్నట్టుండి ఆ వెలుగు ఆరిపోయి, రంధ్రంలో ఒక కన్ను కనిపించింది.

"అగుపిస్తున్ననా బిడ్డా?" అంది పెద్దమ్మ.

మర్నాడు పెద్దాయన ఊరినుంచి వచ్చి, తన మంచం పక్క గోడకి ఇనుప పలకనీ నాలుగు బోల్టుల్నీ చూసుకుని, మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మేకు వద్దంటి. మీరు బోల్టులు గొట్టిన్రు" అన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమనే మాట ఆయన నోట్లో తయారవుతున్నట్టే నాకనిపించింది. ఈలోగా వెనకనుంచి పెద్దమ్మ, "నేనే కొట్టమన్న" అంది. ఆయన వెనక్కి తిరిగాడు.

"నువ్వా?"

"ఆఁ. నేనే."

ఆయనకి ఏం చెయ్యాలో తెలియలేదు. తెలియక, చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి, ఆ ఇనుప చేతిని రెండు చేతులా పట్టుకుని కాళ్ళు నేలమీంచి ఎత్తేశాడు. "సార్, సార్" అంటూ బావ కింద చేతులు చాచి నిలబడ్డాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని వేలాడాడు. గోడ కిక్కురుమనలేదు. కాసేపటికి దిగి, గోడని ఎద్దు వీపు తట్టినట్టు తట్టాడు. "జూసిన్రా నా గోడ? బట్టీ కాడ నిలవడి ఒక్కొక్క ఇటుక ఏరి తెచ్చిన." వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఆగి, "మేకు మాత్రం కొట్టొద్దు" అన్నాడు.

అలా నా సాయంత్రాలు మారాయి. గుద్ది గుద్ది, చెమటతో గుమ్మంలో కూర్చుంటే ఏ మాటా గుర్తుకొచ్చేది కాదు. బావ ధైర్యంగా ఉప్పు అడిగేవాడు. గోడకి అటువైపు పెద్దాయన, బయటికొచ్చిన బోల్టు కొనలు వృథా ఎందుకని, ఒకదానికి తన అంగీ తగిలించుకునేవాడు. నేను ఇటు గుద్దితే అటు అంగీ ఊగేది. పొద్దున్నే గేటు దగ్గర కనిపించి, "నిన్న ఆఫీసుల బాగ పరేషాన్ జేసిన్రా బిడ్డా? నా అంగీ కిందవడ్డది" అని పరామర్శించేవాడు.

ఒక సెలవురోజు సాయంత్రం ముగ్గురం కూరగాయలకి వెళ్ళి తిరిగొచ్చాం. తాళం చెవి పెద్దమ్మ దగ్గర ఇచ్చి వెళ్ళడం మాకలవాటు. పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని, తెరిచిన తలుపులోంచి తన గది గోడకేసి చూస్తున్నాడు. అంగీ ఊగుతోంది. ఆయన నన్ను చూశాడు, అక్కని చూశాడు, వెనకాల సంచులు మోసుకొస్తున్న బావని చూశాడు.

"మీరందరు ఈడనే ఉన్నరు" అన్నాడు. "మరి గుద్దేదెవలు?"

మా కిటికీలోంచి కనిపించింది. పెద్దమ్మ కొంగు నడుముకి దోపుకుని, నా రుమాళ్ళు చేతులకి చుట్టుకుని, నాటు వేసేటప్పటిలా కాస్త వంగి, ఒక లయలో గుద్దుతోంది. ప్రతి గుద్దుకీ ఒకే మాట. "అడగలే. పొలం అమ్మంగ ఒక్క మాట అడగలే." కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆవిడ నాట్లు వేసిన పొలం అది. దాన్ని అమ్మే ముందు ఆవిణ్ణి ఎవరూ అడగలేదని మాకు ఆ సాయంత్రమే తెలిసింది. నవ్వొచ్చి నోటికి అడ్డంపెట్టుకున్న చెయ్యి నాకు అలాగే ఉండిపోయింది.

పెద్దాయనకీ వినిపించింది. లేచి నిలబడ్డాడు. లోపలికి వెళ్ళలేదు, మళ్ళీ కూర్చోనూ లేదు. నా వైపు తిరగకుండానే, "జర నెమ్మదిగ కొట్టమను బిడ్డా. చేతులు నొస్తయ్" అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడో గేటుకి రంగు వెయ్యడానికి మనిషి వచ్చాడు. పెద్దాయన వీధిలో నిలబడి, గల్లీ అంతా వినేలా, "ఏమే, గేటుకు ఏం రంగు ఎయ్యాలె?" అని కేకేశాడు. పెద్దమ్మ గడప దాకా వచ్చి, "నన్నడుగుతున్నవా?" అంది. "ఇంకెవల్నడుగుత?" అన్నాడాయన. ఆవిడ గేటుకేసి చూసింది. అక్కడ గేటే లేనట్టు, ఇంకేదో దూరంగా కనిపిస్తున్నట్టు చూసి, "పచ్చగ ఎయ్యమను. నాటేసినంక పొలం ఉన్నట్టు" అంది.

ఇప్పుడు మా కాపురం బడంగ్‌పేట్‌లో. ఎప్పుడైనా ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కిటికీ పక్కకి జరిగి, కింద ఆ గల్లీ ఏదో పోల్చుకోవాలని చూస్తాను. అన్నీ మేడలైపోయాయి, పోల్చుకునేలోగా రైలు దాటిపోతుంది. అద్దంలో నా మొహం మాత్రం మిగులుతుంది. ఆ మొహం వెనకాల ఎక్కడో ఒక సన్నటి పిల్ల, లోకంలో కోపమన్నది తనకొక్కదానికే ఉందనుకుని, పళ్ళు బిగించి, ఎవరెవరినో ఓడించేస్తున్నాననుకుంటూ గుద్దుతుంటుంది. ఆ పిల్ల ఎవరినీ ఓడించలేదు. ఆకలేసి, రెండుసార్లు అన్నం పెట్టించుకుని, హాయిగా నిద్రపోయేది. ఎంత బాగా నిద్రపోయేదో.