ఆరు గురువారాల నల్లా నీళ్ళు

మొన్న గురువారం సాయంత్రం దబీర్‌పురా స్టేషన్ దగ్గర మా ఆటో ఆగిపోయింది. ముందు ఒక ట్రాలీ అడ్డం తిరిగింది, దాని వెనక నాలుగు స్కూటర్లు, వాటి వెనక మేము. దుకాణాలకు లోబాన్ పొగ, అంటే సాంబ్రాణి లాంటిది, వేసే ఫకీరు ఒకాయన నిప్పుల గిన్నె ఊపుకుంటూ చెప్పుల దుకాణం నుంచి మందుల దుకాణానికి, అక్కడి నుంచి పండ్ల బండికి తిరుగుతూ, ఎవరూ అడగకుండానే మా ఆటోకు కూడా ఇంత పొగ పట్టించి పోయాడు. డ్రైవరు దగ్గి విసుక్కున్నాడు. నేను మాత్రం ఆ పొగను గుండె నిండా పీల్చుకున్నాను. దేవుణ్ణి నమ్మడం మానేసి నలభై ఏళ్ళు కావస్తోంది గానీ, నా ముక్కు ఇప్పటికీ నా మాట వినదు.

ఆ వాసన తగిలిందంటే ఫలక్‌నుమా రైలు కట్టకు ఇవతల ఉన్న మా పాత ఇల్లు మొత్తం కళ్ళ ముందుకొస్తుంది. వాకిలికి ఒక పక్క ఏడు బర్రెల కొట్టం, ఇంకో పక్క కిరాయికిచ్చిన అర్ర, వెనక మేముండే మూడు అర్రలు. పొద్దున లేస్తూనే పేడ వాసన, నానబెట్టిన తవుడు వాసన, వాటి మీదుగా పక్క గల్లీ బేకరీ నుంచి వచ్చే బిస్కెట్ల కమ్మటి వాసన. వానాకాలం కొట్టంలో మడమలు దిగే బురద, ఎండాకాలం పొద్దూకగానే వాకిట్లో నీళ్ళు చల్లితే లేచే మట్టి ఆవిరి. బర్రె ఈనితే జున్ను గిన్నెలు గల్లీలో ఇంటింటికీ వెళ్ళేవి, రంజాన్ పండగ నాడు అవే గిన్నెలు షీర్ ఖుర్మాతో తిరిగొచ్చేవి. ఆడపిల్లలం కొట్టం గోడ నీడన గచ్చకాయలాడుతుంటే, మిద్దెల మీద మగపిల్లలు పతంగుల కోసం లొల్లి చేసేవాళ్ళు. ఎవరి దేవుడు ఎవరో మాకు బాగానే తెలుసు. పని పడితే మాత్రం ఎవరి దేవుడి దగ్గరికైనా మొహమాటం లేకుండా వెళ్ళేవాళ్ళం.

అలా పని పడినవాళ్ళలో మా నాయనమ్మ మొదటిది. ఒకసారి కర్ఫ్యూలో పాలు పోయడానికి వెళ్ళిన తాత రెండు రోజులు ఇంటికి రాలేదట. ఎవరో తెలిసినవాళ్ళు తమ ఇంట్లో దాచుకుని, అన్నం పెట్టి, కర్ఫ్యూ సడలించాక పంపారు. తాత క్షేమంగానే వచ్చాడు కానీ, ఆ రెండు రోజుల్లో నాయనమ్మను పట్టుకున్న గుండె దడ మళ్ళీ వదల్లేదు. దవాఖానలో చూపిస్తే గుండెకేమీ లేదన్నారు. అప్పుడెవరో చెబితే, హాఫిజ్ సాబ్ ఊదిన నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

హాఫిజ్ సాబ్ అంటే ఖురాన్ మొత్తం కంఠతా వచ్చిన ముసలాయన. గురువారం అసర్ నమాజు అయ్యాక, అంటే ఎండ వాలే వేళకు, మా గల్లీ చివరి మసీదు మెట్ల మీద లోబాన్ పొగ వేసుకుని కూర్చునేవాడు. కింద ఆడవాళ్ళు వరుస కట్టేవాళ్ళు. బుర్ఖాల వాళ్ళు, బొట్టు పెట్టుకున్న వాళ్ళు, జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకున్న వాళ్ళు, ఎవరి చేతిలో వాళ్ళ సీసా. ఆయన పెదాలు కదుపుతూ ఏదో చదివి, నీళ్ళ మీద మూడుసార్లు ఊదేవాడు. పైసలిస్తే తీసుకునేవాడు కాదు. అందుకని నాయనమ్మ నా చేత షర్బతు సీసాతో పాటు చిన్న క్యానులో చిక్కటి పాలు పంపేది. నేను తిరిగి రాగానే ముందు నీళ్ళ సంగతి అడిగేది కాదు, "ఏమన్నడు సాబ్?" అనేది. ఆయన ఎప్పుడూ ఒకటే అనేవాడు, "దాదీని ఫికర్ జెయ్యొద్దన్ను బేటా" అని. దిగులు పడొద్దన్న ఆ మాట విన్నాక గానీ మొదటి గుక్క తాగేది కాదు.

నాకు పదమూడేళ్ళప్పుడు మా కిరాయి అర్రలోకి టైపిస్టు సార్ వచ్చాడు. నయాపూల్ దగ్గర కోర్టు బయట టైపు మిషను పెట్టుకుని కాగితాలు కొట్టేవాడు. పెళ్ళాం పిల్లలు లేరు, గోడకు దేవుడి పటం లేదు, ఉన్నదల్లా ఒక రేకు పెట్టె నిండా పుస్తకాలు. బోనాలకు మా అమ్మ యాటకూర పంపితే శుభ్రంగా తిని, "దేవతకు పెట్టిందైనా కూర మంచిగుందక్కా" అనేవాడు. పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లనని ఆయనే నాకొకటి ఇచ్చాడు. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు చిరిగిపోయాయి, ఎవరు రాశారో ఈనాటికీ తెలియదు. దేవుడు ఎందుకు లేడో అందులో నూటయాభై పేజీల నిండా ఉంది. ఏ మాటనైనా పరీక్షించకుండా నమ్మవద్దని పేజీకోసారి ఉంది.

ఆ పుస్తకం నన్ను ఊపేసింది. తాయెత్తులు, శకునాలు, పిల్లి ఎదురొస్తే ఆగిపోవడం అన్నీ ఒక్క వారంలో నా కంటికి నవ్వులాటగా మారిపోయాయి. భయం తగ్గింది. ఆ మేలు నేను మరిచిపోను. కానీ దాంతో పాటే, ఇంట్లో అందరికంటే నాకే తెలివి ఎక్కువన్న గర్వం కూడా నెత్తికెక్కింది. పరీక్ష పెట్టడానికి ఎవరు దొరుకుతారా అని చూశాను. వెతకాల్సిన పని లేకుండా నాయనమ్మ కనిపించింది.

ఒక గురువారం మసీదు దాకా పోలేదు. గల్లీ మలుపులో నల్లా దగ్గర సీసా నింపుకుని, క్యానులో పాలు నేనే తాగేసి, మూతి తుడుచుకుని, కాసేపు రైలు కట్ట దగ్గర కూర్చుని ఇంటికి వచ్చాను. "ఏమన్నడు సాబ్?" అంది నాయనమ్మ. పాత మాటతో ఊరుకోక కొత్తవి కూడా కల్పించాను. దాదీ కోసం దువా చేస్తున్నానన్నాడు అని ఒకసారి, బర్రెలు బాగున్నాయా అని అడిగాడని ఇంకోసారి. ఆమె మొహం విప్పారేది. ఆరు గురువారాలు అలా చేశాను. అంతకుముందు ఆరు వారాల నుంచే, ఆమెకు దడ వచ్చిన రోజున నోటుబుక్కు చివరి పేజీలో ఒక సున్నా చుట్టేదాన్ని. మునుపటి ఆరు వారాల కంటే సున్నాలు పెరగలేదు, ఇంకా రెండు తగ్గాయి కూడా.

నాలోనే దాచుకుని ఉంటే పోయేది. సద్దుల బతుకమ్మ నాడు మేనత్తలిద్దరూ వచ్చారు. వాకిలంతా తంగేడు పూలు, గునుగు పూలు, తడి గుడ్డల్లో చుట్టిన బంతిపూలు. నాయనమ్మ మధ్యలో కూర్చుని రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తోంది. అందరూ ఉన్నారు కదా అని నోటుబుక్కు తెచ్చి, మధ్యలో నిలబడి, పాఠం ఒప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. మేనత్తలు పగలబడి నవ్వారు. "ఏందవ్వా, నల్లా నీళ్ళకే తగ్గిందా నీ దడ!" అంది చిన్నత్త. నాయనమ్మ ముద్ద చేస్తున్న చేయి ఆగింది. నా వైపు చూసింది.

"సాబ్ అన్నడన్న మాటలు గూడ నువ్వే జెప్పినవా బిడ్డా?"

అవునన్నాను. ఆమె మళ్ళీ మలీద చేసుకుంటూ కూర్చుంది, మొదటి ముద్ద నాకే పెట్టింది.

ఆ తరువాతి గురువారం సీసా నాకివ్వలేదు. మోకాళ్ళ నొప్పులతో తనే బయల్దేరింది. తోడు వెళ్ళమని అమ్మ నన్ను వెనకే తరిమింది. మమ్మల్ని చూసి హాఫిజ్ సాబ్ మెట్లు దిగి వచ్చాడు.

"అరే అమ్మా, ఆరు వారాలు బేటీ రాలే. నీకు మంచిగైందనుకొని మస్తు ఖుష్ అయిన" అన్నాడు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నాయనమ్మ నా వైపు తిరగనైనా తిరగలేదు.

"పోరికి పరీక్షలుండె సాబ్" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అది నా కోసమే ఆడింది. ఆయన మూడుసార్లు ఊదాడు, ఆమె సీసాకు మూత బిగించి కొంగులో పెట్టుకుంది. దారంతా నా చేయి పట్టుకునే నడిచింది, సీసా మాత్రం నాకివ్వలేదు.

ఆమెకు దేవుడి మీద నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు. ఎల్లమ్మకు బోనమూ మానలేదు, మసీదు మెట్లూ మానలేదు. తగ్గింది నా మీద. అంతకుముందు "బిడ్డా, గన్ని నీళ్ళు తేపో" అని పూటకు పదిసార్లు పిలిచేది. ఆ తరువాత తనే గోడ పట్టుకుని లేచి కుండ దగ్గరికి వెళ్ళేది. ఎప్పుడైనా నేనే ముందు లేచి తెచ్చిస్తే, తాగే ముందు గ్లాసులోకి ఒక్క క్షణం చూసేది. కోపంతో కాదు. పాపం, అలా చూస్తున్నట్టు ఆమెకే తెలుసో లేదో. పరీక్షించకుండా నమ్మవద్దని పుస్తకం నాకు నేర్పింది, నేను ఆమెకు నేర్పాను.

టైపిస్టు సార్ మెచ్చుకుంటాడని ఆశపడి ఆయనకూ నోటుబుక్కు చూపించాను. సున్నాలన్నీ ఓపిగ్గా చూసి, "అవ్వను అడిగి చేసినవా?" అన్నాడు. అడిగితే పరీక్ష ఎట్లవుతుంది సార్ అన్నాను. "మనిషిని అడగకుండ మనిషి మీద పరీక్ష పెట్టొద్దమ్మా" అని నోటుబుక్కు తిరిగి ఇచ్చేశాడు. ఆ ముక్క ఆ పుస్తకంలో కూడా ఉండే ఉంటుంది, చిరిగిపోయిన పేజీల్లోనో, తొందరలో నేను దాటేసిన పేజీల్లోనో.

నేను కాలేజీలో ఉండగా నాయనమ్మ పోయింది. మధ్యలో అయిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. తప్పయిందని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. అంటే దేవుడి ముందు ఓడిపోయినట్టవుతుందని నా భయం. ఆమెకు చెప్పుకోవాల్సిన తప్పుకూ దేవుడికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు ఆ బర్రెల కొట్టం ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. జున్ను కావాలంటే ప్యాకెట్టులో పొడి దొరుకుతోంది. మసీదు మెట్లకు ఇనుప గ్రిల్లు పెట్టారు, సీసాలు పట్టుకున్న ఆడవాళ్ళ వరుస ఎప్పుడు ఆగిపోయిందో చెప్పగలిగే వాళ్ళు ఆ గల్లీలో నాకెవరూ దొరకలేదు. ఊదిన నీళ్ళకు మహిమ లేదని ఈనాటికీ అంటాను, దేవుడు లేడనీ అంటాను, ఆ మాటలు వెనక్కి తీసుకోను. నమ్మకం ఉన్నవాళ్ళకు ఒక సుఖముంది. బతికుండగా అడగలేని క్షమాపణ పోయాక పైన ఎక్కడో కలిసినప్పుడు అడుగుదామనుకుంటారు. నేను చదివి, నమ్మి, ఇన్నేళ్ళు నిలబడ్డ మాట ప్రకారం మా నాయనమ్మ ఇక ఎక్కడా లేదు.